ప్లగ్గు గోడలోనే ఉందండీ

చింతలమెరకలో గాదె వారిని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళని అడిగితే నవ్వుతారు. గాదె వారినే అడగాలి. వాళ్ళయితే ఉన్నదున్నట్టు చెబుతారు.

"మా ఇంటా వంటా ఓ పద్ధతుందండీ," అంటాడు ఇంటి పెద్ద రామబ్రహ్మం. ఆయనది ధాన్యం వ్యాపారం. "ఎవరేం చెప్తే అది చెప్పినట్టు చేస్తాం. వీసమెత్తు ఎక్కువుండదు, వీసమెత్తు తక్కువుండదు. సొంత బుర్ర వాడి పాడైపోయినవాళ్ళని ఎంతమందిని చూశాం!"

ఇందుకు సాక్ష్యం ఆయన తమ్ముడు పోతులయ్య. చిన్నప్పుడు బళ్ళో పంతులుగారు వీణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, ఆ సంగతి మరిచిపోయి ఇంటికెళ్ళిపోయారట. మర్నాడు వచ్చి చూస్తే పోతులయ్య అదే అరుగు మీద వానలో నానిపోయి తుమ్ముతూ కూర్చున్నాడట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు రామబ్రహ్మం భార్య మాణిక్యమ్మకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. "మా మరిదిలాంటి బుద్ధిమంతుడు జిల్లాలో ఉండడండీ" అంటుంది. ఉండడు, నిజమే.

ఆ ఇంట్లో పుట్టి ఆ పద్ధతి అంటనిది ఒక్కతే, రామబ్రహ్మం కూతురు హైమావతి. డిగ్రీ పాసై రెండేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతోంది. కాకినాడలో ఒక ఆఫీసు వాళ్ళు పిలుస్తామన్నారు. దరఖాస్తు అంతా ఇంట్లో కంప్యూటర్లో నింపి ఉంచింది. కాలేజీవాళ్ళు ఇచ్చే ఒక నంబరు అందులో వేసి పంపితే చాలు. ఆఖరి గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు.

"నాన్నా, నేను నాలుగున్నర బస్సుకి వచ్చేస్తాను," అంది కాలేజీకి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటూ. "ఆ కంప్యూటరు వెలగడానికే యుగాలు పడుతుంది. నేను వచ్చేసరికి ఆన్ చేసి ఉంచండి. ఐదు దాటిందంటే నా ఉద్యోగం పోయినట్టే, గుర్తుంచుకోండి."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా తల్లీ," అన్నాడు రామబ్రహ్మం. "నువ్వు చెప్పావు, మేం విన్నాం. ఇంకేం కావాలి?"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో పనిచేసే ప్లగ్గు బోర్డు ఒక్కటే, ముందుగదిలో గోడకి ఉంది. పొద్దున్నే మాణిక్యమ్మ కంప్యూటరు ప్లగ్గు పీకేసి, అక్కడ గ్రైండరు ప్లగ్గు పెట్టి దోసెల పిండి రుబ్బింది. రుబ్బడం అయ్యాక గ్రైండరు కడిగి బోర్లించింది. ప్లగ్గు మాత్రం అలాగే ఉంచేసింది. తియ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదుగా!

పదింటికి పోతులయ్య కంప్యూటరు బటను నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. వెలగలేదు. రామబ్రహ్మం నొక్కాడు. మాణిక్యమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, దణ్ణం పెట్టుకుని మరీ నొక్కింది. ఊహూఁ.

అంతే, ముగ్గురికీ చెమటలు పట్టాయి. బజార్లో కంప్యూటర్లు బాగుచేసే యేసుపాదానికి ఫోన్ చేశారు.

"ప్లగ్గు గోడకి పెట్టుందాండీ?" అని అడిగాడు యేసుపాదం.

రామబ్రహ్మం వంగి చూశాడు. గోడలో ప్లగ్గు ఉంది. బ్రహ్మాండంగా ఉంది. "ప్లగ్గు గోడలోనే ఉందండీ," అన్నాడు. అది ఎవరి ప్లగ్గు అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

"అయితే బటను మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా తియ్యకండి."

పోతులయ్య ముందుకొచ్చి చూపుడువేలు బటను మీద పెట్టి నొక్కి పట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. ఫోను నల్లబడిపోయింది.

ఇంకేముంది! తియ్యమని చెప్పేవాడు లేడు. తియ్యొద్దని చెప్పిన మాట మాత్రం ఉంది. పోతులయ్య వేలు తియ్యలేదు.

పదకొండయింది. వేలు ఎర్రబడింది. పన్నెండయింది. వేలు తెల్లబడింది. మాణిక్యమ్మ అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. "కుడిచెయ్యి తీరికలేదు కదా పాపం," అని ఆవకాయ కూడా నంజుకి పెట్టింది.

"వదినా, ముక్కు దురద పెడుతోంది."

"ఎడంచెయ్యి ఉందిగా అబ్బాయ్?"

"దాన్ని వాడొచ్చని ఆయన చెప్పలేదొదినా."

మాణిక్యమ్మే గోకింది. మరిది పట్టుదల చూసి ఆవిడ గుండె ఉప్పొంగిపోయింది.

ఒంటిగంటకి రామబ్రహ్మం సైకిలు తీసి యేసుపాదం కొట్టుకి వెళ్ళాడు. అతని ముందు నలుగురు నిలబడి ఉన్నారు. "ఇంకా వెలగలేదా అండీ? సరే, దాని వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేయండి. పక్కమూత తీసి లోపలి దుమ్మంతా పోగొట్టండి. అప్పటికీ వెలక్కపోతే నాలుక్కి నేనే వస్తాను," అన్నాడు తలెత్తకుండా.

రామబ్రహ్మం ఆ మూడు ముక్కలూ వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చాడు. తమ్ముడి వేలు సంగతి అడగనేలేదు. అడగమని ఆయన్ని పంపలేదుగా.

వైర్లన్నీ ఊడదీశారు. మరి ఎక్కడివక్కడ పెట్టాలి. అవి ఎక్కడివి? ముగ్గురూ ఆలోచించారు. కంప్యూటరు కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చాయి. ఆ అట్టపెట్టె అటక మీద ఉంది. నిచ్చెన వేసి పెట్టె దింపి, ఏ వైరు ఏ సంచిలో వచ్చిందో ఆ సంచిలోనే చుట్టిపెట్టి, మళ్ళీ అటకెక్కించారు.

"చూశావా, ఒక్కటి కూడా తారుమారు కాలేదు," అన్నాడు రామబ్రహ్మం నిచ్చెన దిగుతూ.

ఇక దుమ్ము. ముప్పయ్యేళ్ళుగా ధాన్యం వ్యాపారం చేసేవాడికి దుమ్ము పోగొట్టడం ఒకరు నేర్పాలా? డాబా మీదకి పదండి అన్నాడు. కంప్యూటరు డబ్బా అన్నగారి చేతుల్లో, బటను మీద వేలు తమ్ముడిది. మెట్లెక్కేటప్పుడు ఇద్దరూ ఒకేసారి కాలు వేయాల్సొచ్చింది. వెనకాల మాణిక్యమ్మ గోనెపట్టాలు, చేట పట్టుకుని నడిచింది.

డాబా మీద పడమటి గాలి బాగా వీస్తోంది. పట్టాలు పరిచారు. రామబ్రహ్మం ఒక బల్ల ఎక్కాడు, పోతులయ్య ఇంకో బల్ల ఎక్కాడు. మూత తీసిన డబ్బాని తలకెత్తు ఎత్తి, గాలివాలుగా వంచి, వడ్లని తూర్పారబట్టినట్టు తూర్పారబట్టారు. మాణిక్యమ్మ కింద నిలబడి చేటతో విసిరింది. దుమ్ము లేచి పక్కింటి వాళ్ళ బట్టల మీదకి పోయింది. పట్టా మీద టపటపా ఏవేవో రాలాయి. బల్లి గుడ్లు రెండు, మరలు నాలుగు, వెండి గీతలున్న పచ్చటి రేకు ముక్క ఒకటి, ఎవరి పెళ్ళిలోనో పోయిందనుకున్న మాణిక్యమ్మ ముక్కుపుడక శీల.

"తాలు ఎగిరిపోయింది, గింజ నిలిచింది," అన్నాడు రామబ్రహ్మం తృప్తిగా. "గింజ బరువుగా ఉంది, మంచి రకమే." రాలినవన్నీ ఒక గోనెసంచిలో పోసి దబ్బనంతో మూతి కుట్టేశాడు. ధాన్యం సంచికి మూతి కుట్టకుండా వదిలితే ఎలా?

డబ్బా కిందకి దించి బటను చూశారు. ఇంకా వెలగలేదు. రామబ్రహ్మానికి ఆశ్చర్యం వేసింది. దిగులు కూడా వేసింది. గడియారం నాలుగు కావస్తోంది. "పిల్ల రెండేళ్ళుగా ఎదురుచూస్తోందే," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "మనవల్ల పోతుందేమోనే."

నాలుక్కి యేసుపాదం వచ్చాడు. వైర్లు లేవు. మూత లేదు. డబ్బా పక్కన ఒక మనిషి వేలు పెట్టి కూర్చున్నాడు.

"వైర్లేవండీ?"

"ఎక్కడివక్కడ పెట్టేశామండీ."

యేసుపాదం అటకెక్కాడు, గోనెసంచి విప్పాడు, రేకుముక్క కంప్యూటరు మెమొరీ అని గుర్తుపట్టి దాని చోట బిగించాడు. బల్లి గుడ్లు కూడా బిగించమని రామబ్రహ్మం పట్టుబట్టాడు గానీ అతను వినలేదు. ఆఖరికి వైరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు.

"ఈ ప్లగ్గెవరిదండీ?"

"గ్రైండరుదండీ."

"మరి పొద్దున ఫోన్లో ఉందన్నారు?"

"ఉంది కదండీ!" అన్నాడు రామబ్రహ్మం. చేత్తో చూపించాడు కూడా.

యేసుపాదం గ్రైండరు ప్లగ్గు పీకి కంప్యూటరుది పెట్టాడు. డబ్బా గుర్రుమంది, తెర వెలిగింది, మాణిక్యమ్మ చెంపలు వేసుకుంది. అంతలోనే టప్‌మని ఆరిపోయింది.

"మీరు బటను నొక్కి పట్టుకునుంటే ఆరిపోక ఏమవుతుందండీ? వేలు తియ్యండి!"

"తియ్యనండీ," అన్నాడు పోతులయ్య. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, వేలు మాత్రం కదల్లేదు. "ఫోన్లో ఆయన చెప్పేదాకా తియ్యొద్దన్నారు."

"ఆ ఫోన్లో ఆయన్ని నేనేనండీ బాబూ!"

"కావచ్చండీ. కానీ ఫోన్లో చెప్పాలి కదా."

నాలుగూ నలభై. యేసుపాదం జుట్టు పీక్కున్నాడు. "సరే, ఫోన్లోనే చెప్పి చస్తాను. మీ ఫోను ఛార్జింగ్ పెట్టండమ్మా, తొందరగా!" అంటూ వీధరుగు మీదకి పరిగెత్తాడు.

ఇంకేముంది, మాణిక్యమ్మ రివ్వున వెళ్ళింది. ఉన్న బోర్డు ఒక్కటే. కంప్యూటరు ప్లగ్గు పీకింది, ఛార్జరు పెట్టింది. రెండు నిమిషాలకి ఫోను వెలిగింది, మోగింది. రామబ్రహ్మం దాన్ని తమ్ముడి చెవి దగ్గర పెట్టాడు.

"వేలు తియ్యండి!" అన్న మాట ఫోన్లోంచీ వినబడింది, వీధిలోంచీ వినబడింది.

పోతులయ్య వేలు తీశాడు. ఏడు గంటల నొక్కుడు! ముగ్గురూ చప్పట్లు కొట్టారు. యేసుపాదం లోపలికొచ్చి బటను నొక్కాడు. వెలగలేదు. గోడకేసి చూశాడు. అంతే, ఉన్నచోటే నేల మీద కూలబడిపోయాడు.

అప్పుడే హైమ గుమ్మంలో కాలు పెట్టింది. తండ్రిని చూసింది, బాబాయ్ వేలు చూసింది, గోడ చూసింది. ఆ ఇంటి బిడ్డ కదా, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఛార్జరు పీకి పారేసి, కంప్యూటరు ప్లగ్గు గుచ్చి, బటను ఒక్కసారి నొక్కి, గోడలో ప్లగ్గుకి వీపు ఆనించి నిలబడింది. "ఎవరూ నా దగ్గరికి రాకండి!" అని అరిచింది.

ఎవరూ రాలేదు. చెప్పింది కదా.

ముసలి కంప్యూటరు మూలిగి మూలిగి వెలిగింది. హైమ నంబరు వేసింది. నాలుగూ యాభై ఎనిమిదికి దరఖాస్తు వెళ్ళింది. అందిందని జవాబు కూడా వచ్చింది. హైమ కుర్చీలో వెనక్కి వాలి భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. అది చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చి నవ్వారు.

యేసుపాదం వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర రెండు చేతులూ జోడించాడు. "మీకో దణ్ణమండీ. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ ప్లగ్గు మాత్రం గోడలోంచి జన్మలో తియ్యకండి."

మర్నాడే రామబ్రహ్మం తాపీమేస్త్రీని పిలిపించి, ప్లగ్గు కదలకుండా చుట్టూ సిమెంటు మెత్తించాడు. మాణిక్యమ్మ రుబ్బురోలు కడుక్కుంది.

నెల తిరక్కుండా హైమకి ఉద్యోగం వచ్చింది. ప్రయాణం రోజు, "నాన్నా, కంప్యూటరు కూడా తీసుకెళ్తాను. నేను పక్కింటివాళ్ళకి చెప్పొచ్చేలోగా ఆటో ఎక్కించండి," అని చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముందుగదిలో దుమ్ము. గోడలో మనిషి దూరేంత కన్నం. ఆటోలో కంప్యూటరు, దానికి వైరు, వైరు చివర నాలుగు ఇటుకలతో సహా గోడ ముక్క. పక్కనే గునపం పట్టుకుని పోతులయ్య.

"ప్లగ్గు తియ్యలేదమ్మా," అన్నాడు రామబ్రహ్మం. ఒళ్ళంతా సున్నం. "నీది కదా, ఎంత జాగ్రత్తగా తీశామనుకున్నావ్!"

హైమకి తిట్టాలనిపించింది. కానీ తండ్రి కనుబొమల మీది సున్నాన్ని పైటకొంగుతో తుడిచి, గోడముక్కని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది.

సాయంత్రం రామబ్రహ్మం ఫోన్ చేశాడు. "క్షేమంగా చేరావా తల్లీ? కంప్యూటరు వెలిగిందా?"

"ఎలా వెలుగుతుంది నాన్నా!"

"ప్లగ్గు గోడలోనే ఉందా?"

హైమ గోడముక్కకేసి చూసింది. ఉంది. "ఉంది నాన్నా," అంది నిట్టూరుస్తూ.

రామబ్రహ్మం కాసేపు ఆలోచించాడు. ఆయన మొహం విచ్చుకుంది. ఫోను పక్కన పెట్టి లోపలికి కేకేశాడు.

"తమ్ముడూ, గోడ చాల్లేదటరా! గునపం పట్రా. మిగతాది కూడా పంపించేద్దాం!"