వరహాలు తేని లడ్డూ

అనగనగా, బుజ్జులూ, గోదావరి కాలవ పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మగవాళ్ళు వలలు అల్లితే ఆడవాళ్ళు లేసు అల్లేవారు. కాళ్ళు చాపుకో, దుప్పటి తన్నకు, చెబుతా.

మధ్యాహ్నం అంట్లు తోముకోవడం అయ్యేసరికి ఆడవాళ్ళంతా మార్తమ్మ వసారాలో చేరేవారు. ఒకరు పువ్వులు అల్లేవారు, ఒకరు ఆకులు అల్లేవారు. ఆ తర్వాత అవన్నీ కలిపి మంచం నిండా పరిచే దుప్పటిగా అతకాలి. దాన్ని అతుకుపని అనేవారు. ఆ పనికి ఊరందరికీ వరహాలే దిక్కు. వరహాలు అతికిందంటే అతుకెక్కడుందో అల్లినవాళ్ళకే తెలిసేది కాదు.

వరహాలు మొగుడు గంగరాజు, అత్త సూరమ్మ. సూరమ్మ మంచిదే. కోడలంటే ప్రాణం. కానీ లోకమంటే భయం. "లోకులు కాకులే" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అనుకునేది.

ఒకరోజు నీళ్ళు పోసుకుంటుంటే వరహాలు చేతికి రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని వరహాలు ఊరుకోలేదు. అత్తనీ మొగుణ్ణీ వెంటబెట్టుకుని పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకుంది.

అప్పుడు అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఇది క్యాన్సరమ్మా. ఆలస్యం చెయ్యకుండా వచ్చావు, మంచిపని చేశావు. ఆపరేషన్ చేస్తాం. ఆ తర్వాత కొన్ని నెలలు నరంలోకి మందు ఎక్కిస్తాం. జుట్టు రాలుతుంది, మళ్ళీ మొలుస్తుంది. నువ్వు మాత్రం వేళకి తిను. రోజూ కాస్త నడువు. మనసులో ఉన్నది నీవాళ్ళతో చెప్పుకో."

నీవాళ్ళు అనగానే వరహాలుకి మార్తమ్మ వసారా గుర్తొచ్చింది. సూరమ్మకి కాకులు గుర్తొచ్చాయి.

అందుకని సూరమ్మ మొదటి అబద్ధం ఆడింది. ఆపరేషన్‌కి బయల్దేరుతూ వీధిలో అందరికీ వినబడేలా, "పిఠాపురంలో మా చుట్టాల పెళ్ళికి పోతున్నాం" అంది.

తిరిగొచ్చాక పక్కింటి పోలమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "పెళ్ళి బాగా జరిగిందా? కూరలేం పెట్టారేంటి?"

"గుత్తొంకాయ" అన్నాడు గంగరాజు.

"పనసపొట్టు" అంది సూరమ్మ, అదే క్షణంలో.

"రెండూనా! గట్టి పెళ్ళే" అంది పోలమ్మ. ఆసుపత్రిలో జావ తాగొచ్చిన వరహాలు పైటకొంగు కట్టు మీదకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. వీధి తలుపు సగం మూసుకుంది.

ఆ తర్వాత మందు ఎక్కించడం మొదలైంది. డాక్టరమ్మ చెప్పినట్టే దువ్వెనకి జుట్టు గుప్పెళ్ళుగా వచ్చింది. మిగిలింది కూడా తీయించేసింది వరహాలు. తల నున్నగా అయిపోయింది.

అప్పుడు సూరమ్మ రెండో అబద్ధం ఆడింది. "మా కోడలు తిరుపతిలో తలనీలాలిచ్చింది!"

నువ్వు నవ్వుతున్నావు కానీ, బుజ్జులూ, తిరుపతి వెళ్ళొచ్చామంటే ఊరు ఊరుకుంటుందా?

"లడ్డూ ఏదీ?" అన్నారు జనం.

నిజమే కదా! కొండకి వెళ్ళినవాళ్ళు ఒట్టి చేతులతో వస్తారా? గంగరాజు సైకిలేసుకుని పక్కూరి మిఠాయి కొట్టుకి పరిగెత్తాడు. లడ్డూలు తెచ్చాడు. సూరమ్మ చిదిపి, తమలపాకుల్లో పెట్టి వీధంతా పంచింది.

పోలమ్మ ఆ ముక్క కళ్ళకద్దుకుంది. నోట్లో వేసుకుని కళ్ళు చికిలించింది. "పచ్చకర్పూరం తగల్లేదేంటే?" అంది.

"ఈ మధ్య తగ్గించారంట" అన్నాడు గంగరాజు.

మార్తమ్మ చర్చికి వెళ్ళే మనిషి. అయినా ఏ ఇంటి ప్రసాదమైనా చెయ్యి చాపి తీసుకునేది. లడ్డూ నములుతూ, "ఇది ఎక్కడో ఎరిగిన లడ్డూలా ఉందే" అంది. గంగరాజు సైకిలు తుడుచుకోవడం మొదలెట్టాడు.

కిటికీలోంచి వరహాలు అంతా చూస్తోంది. కొట్టు లడ్డూని పోలమ్మ కళ్ళకద్దుకుంటుంటే ఇక చూడలేక కిటికీ దగ్గర్నుంచి లేచిపోయింది. వీధి తలుపు పూర్తిగా మూసుకుంది.

తలుపు మూసుకుంటే ఇక నడకెక్కడ? గంజి తాగి పడుకోవడం, లేచి గోడ చూడడం. చేతికి కూడా డాక్టరమ్మ ఒక పని చెప్పింది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళు పైకి పాకించమంది. వరహాలు పాకించేది. గోడ ఏమీ మాట్లాడేది కాదు.

కొన్నాళ్ళకి మందు వల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. లేసు సూది పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియడం లేదు. ఆసుపత్రిలో "తిమ్మిర్లున్నాయా? తింటోందా?" అని అడిగితే, అబద్ధం అలవాటైన గంగరాజు నోరు, "అబ్బే, బ్రహ్మాండంగా ఉందండీ" అనేసింది. చూశావా? డాక్టరమ్మకి కూడా!

మార్తమ్మ వసారాలో పువ్వులు గుట్టలు పడ్డాయి. అతికే మనిషి లేదు. వరహాలు రాదేమని ఆడవాళ్ళు వచ్చి అడిగారు.

అప్పుడు సూరమ్మ మూడో అబద్ధం ఆడింది. "మా కోడలికి ఆ పని ఇప్పుడు చిన్నతనంగా ఉందంట" అంది.

అదిగో, అది తగలాల్సిన చోట తగిలింది. "అబ్బో, గుండు చేయించుకుంటే గొప్పతనం మొలిచిందన్నమాట!" అంది పోలమ్మ, లోపలికి వినబడాలనే. మార్తమ్మ చటుక్కున లేచింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడమే వరహాలుకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం వరహాలు మొగుణ్ణి పిలిచి చెప్పింది. "ఈసారి మందుకి నేను రాను."

గంగరాజు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "రాకపోతే ఎలాగే? మధ్యలో మానేస్తే రోగం మళ్ళీ తిరగబడుతుందని చెప్పారు కదా!"

"దొంగలా దాక్కుని బతకడానికి అంత దూరం పోవడమెందుకు?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. సూరమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

మందుకి వెళ్ళాల్సిన రోజుకి ఇక రెండు వారాలే ఉంది. వరహాలు మంచం దిగడం లేదు.

"అయితే చచ్చిపోతుందా అమ్మమ్మా?" అంటావు. ఆగు. మార్తమ్మ వస్తోంది.

మార్తమ్మ ఒక్కతే రాలేదు, కోపంతో వచ్చింది. చంకలో పెద్ద లేసు మూట. మూసిన తలుపు భుజంతో తోసి నడిమింట్లోకి వచ్చేసింది.

"నీకు మేం చిన్నతనమైతే అయ్యాం, వరహాలూ! నేను బతిమాలుకోవడానికి రాలేదు. ఇదెక్కడ తప్పిందో చెప్పు, పోతాను" అని మూట విప్పి నేల మీద పడేసింది.

అది వాళ్ళే కూడి అతికిన దుప్పటి. పరిస్తే పరుచుకోవడం లేదు. ఈ మూల నొక్కితే ఆ మూల లేస్తోంది. పువ్వులన్నీ గిన్నెల్లా ముడుచుకుని కూర్చున్నాయి.

సూరమ్మ గబగబా అడ్డమొచ్చింది. "మా కోడలికి కాస్త..." అంటూ నాలుగో అబద్ధానికి నోరు తెరిచింది.

"అత్తా, మీరాగండి" అంది వరహాలు.

మంచం మీంచి లేచింది. తలకున్న గుడ్డ తీసేసింది. "మార్తమ్మా, నాకు రొమ్ము క్యాన్సర్. పెళ్ళీ లేదు, తిరుపతీ లేదు. ఆపరేషన్ చేశారు. మందు ఎక్కిస్తున్నారు. వేళ్ళు తిమ్మిరెక్కి సూది పట్టు దొరకడం లేదు. అందుకే రాలేదు. మీరు చిన్నతనం కాదు."

అంది. అంతే. ఇంటి కప్పు ఊడి పడలేదు. కాకులు కూడా అరవలేదు.

మార్తమ్మ అలాగే నేల మీద చతికిలబడింది. ఆ తర్వాత నెమ్మదిగా అంది. "అయితే ఆ లడ్డూ... పక్కూరి కొట్టుదేనన్నమాట."

ముందు గంగరాజు కిసుక్కుమన్నాడు. తర్వాత వరహాలు నవ్వింది. ఎన్ని నెలల నవ్వో అది, ఆగలేదు. నవ్వి నవ్వి ఏడ్చింది. మార్తమ్మ కూడా పక్కన కూర్చుని ఏడ్చింది, చెయ్యి పట్టుకుని.

"అంటుకుంటుందా అమ్మమ్మా, చెయ్యి పట్టుకుంటే?" లేదమ్మా. క్యాన్సర్ అంటుకోదు. అబద్ధమే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. చూశావుగా, ఇల్లంతా ఎలా పాకిందో.

కళ్ళు తుడుచుకున్నాక వరహాలు దుప్పటి ఒడిలోకి లాక్కుంది. మొద్దుబారిన వేళ్ళతో అటూ ఇటూ తడిమి చూసింది.

"గట్టిగా ఉండాలని మరీ బిగించేశారు. ఊడిపోతుందేమోనన్న భయం ఉంది ఈ అతుకుల్లో. పువ్వుకీ పువ్వుకీ మధ్య కాస్త గాలి ఆడాలి. బిగిస్తే పాపం, ముడుచుకుపోక ఏం చేస్తాయి?"

ఆ మాట సూరమ్మ వింది. లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తీసింది.

ఆ తర్వాత ఆడవాళ్ళంతా వచ్చారు. పోలమ్మ అందరికన్నా ముందు వచ్చి, "గుండన్నాను, నా నోరు పడిపోను" అని లెంపలేసుకుంది. మరి ఊరంటే ఊరే కదా, ప్రేమ కూడా బిగించే కట్టబోయింది.

ఒకామె ఏదో పసరు గిన్నెతో తెచ్చింది. "ఇది తాగితే మందులే అక్కర్లేదు" అంది. వరహాలు గిన్నె పక్కన పెట్టి, "డాక్టరమ్మని అడక్కుండా ఏదీ తాగను, వదినా" అంది.

ఇంకొకామె, "పప్పు మానెయ్, గుడ్డు ముట్టుకోకు, పథ్యం చెయ్యి" అంది. "నాకు బలం కావాలన్నారు పిన్నీ. వేడివేడిగా పప్పన్నం, బాగా ఉడికిన గుడ్డు, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినమన్నారు. నువ్వే వండి పెట్టు, తింటాను" అంది వరహాలు. పిన్ని మర్నాడే వండి తెచ్చింది.

మూడో ఆమె ఉపదేశం ఇచ్చింది. "ధైర్యంగా ఉండాలి, కంట తడి పెట్టకూడదు."

"ఏడుపొస్తే ఏడుస్తాను అక్కా. అయ్యాక మొహం కడుక్కుని అన్నం తింటాను" అంది వరహాలు. ఆ మాటకి మార్తమ్మ మోకాలు చరిచి, "అదీ!" అంది.

అప్పటినుంచి చల్లబడే వేళకి వరహాలు కాలవ గట్టు మీద నడిచేది. పక్కన మార్తమ్మ. మొదట రేవు దాకా. ఓపిక పెరిగాక వంతెన దాకా. ఒంట్లో బాగోలేని రోజు గుమ్మం దాకా నడిచి, అక్కడే కూర్చుని, అది కూడా నడకేననేది. మధ్యాహ్నం వసారాలో కూర్చునేది. సూది తను పట్టలేదు కదా, పోలమ్మ పట్టుకునేది. "వదులు, వదులు, ఊపిరాడనీ" అంటూ వరహాలు పక్కన కూర్చుని నేర్పేది. బిగుసుకున్న అతుకులన్నీ విప్పి మళ్ళీ అతికారు. ఈసారి దుప్పటి నీళ్ళలా పరుచుకుంది.

అలా మందుకి వెళ్ళే రోజు రానే వచ్చింది. తెల్లారేసరికి వరహాలు చీర కట్టుకుని అందరికన్నా ముందు మెట్లు దిగింది. తల మీద గుడ్డ లేదు. ఎండకి గొడుగు తీసుకుంది.

బస్సు దగ్గర పై వీధి పెద్దాయన ఎదురయ్యాడు. ఆయన ఈ సంగతేమీ ఎరగడు. "ఏం సూరమ్మా, మళ్ళీ తిరుపతేనా?" అన్నాడు.

గంగరాజు అలవాటుగా నోరు తెరిచాడు. సూరమ్మ అతని కాలు తొక్కింది. గొంతు సవరించుకుంది. వీధి చివరిదాకా వినబడేలా అంది.

"కాదండీ! మా కోడలికి క్యాన్సర్. మందు ఎక్కించుకోడానికి వెళ్తోంది. తిమ్మిర్ల సంగతి కూడా ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాం. రేపు అలిసిపోయి ఉంటుంది, పలకరించేవాళ్ళు ఎల్లుండి రండి. జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళు అవి తగ్గాకే రండి!"

పెద్దాయన తెల్లబోయి, తలపాగా సర్దుకుని, "మంచిదమ్మా, జాగ్రత్త" అన్నాడు.

బస్సు కదిలింది. వెనక నుంచి పోలమ్మ అరిచింది. "వరహాలూ, ఈసారైనా లడ్డూ తెస్తావా?"

వరహాలు కిటికీలోంచి గుండు బయటపెట్టి నవ్వింది. "లడ్డూ తేనే, పోలమ్మా! నేనొస్తాను!"

"వచ్చిందా అమ్మమ్మా?" రాకపోతే నీకీ కథ ఎవరు చెప్పేవారే? ఆ రోజు వచ్చింది, ఆ తర్వాతా వెళ్ళొచ్చింది. డాక్టరమ్మ తిమ్మిర్ల సంగతి విని మందు కాస్త సరిచేసింది. జుట్టు మొలిచింది, ముందు కోడిపిల్ల తలలా, తర్వాత ఉంగరాలు ఉంగరాలుగా, ఇదిగో, నువ్వు వేలికి చుట్టుకుంటున్నావే, ఇలా. అదిగో, మన మంచినీళ్ళ కూజా మీద లేసు మూత చూశావా, గిన్నెలా ముడుచుకుని? ఆ బిగించిన దుప్పటిలోది ఒక్క పువ్వు మాత్రం విప్పకుండా తీసి దాచింది మార్తమ్మ. గుర్తుగా నాకిచ్చింది. కూజాకి మాత్రం సరిగ్గా సరిపోయింది.

ఇక పడుకో. నాతో పాటు నువ్వూ అను.

దాచుకున్న మాట దిండు కింద రాయి,
చెప్పుకున్న మాట చేతిలోన చేయి,
కడుపు నిండ ముద్ద, కంటి నిండ హాయి,
కథ కంచికి పోయె, కళ్ళు మూయి పాపాయి.