హెస్టర్ అడిగిన మాట

అనగనగా సముద్రాలకు అవతల, ఎముకలు కొరికే చలి ఉండే ఇంగ్లండులో హెస్టర్ అనే పిల్ల ఉండేదమ్మా. ఇళ్ళకు వెళ్ళి బట్టలు ఉతికేది. ఒక చలికాలం ఓర్చుకోలేక, దండెం మీద ఆరేసిన కంబళి ఎత్తుకుపోయింది. దొరికిపోయింది.

అప్పట్లో అక్కడ దొంగలను ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపేసేవారు. హెస్టర్‌కి ఏడేళ్ళ శిక్ష పడింది. ఓడలో ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళు, నీళ్ళే. ఏడ్చి ఏడ్చి నవ్వడమే మర్చిపోయింది పాపం.

ఆస్ట్రేలియాలో దిగాక పెద్ద గోడల మధ్య, ఆడఖైదీలతో పాటు ఉన్ని వడికే పనిలో పెట్టారు. అక్కడొక పద్ధతి ఉండేది. శిక్ష తీరిన మగవాళ్ళు పెళ్ళాన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. నచ్చిన పిల్ల ముందు రుమాలు పడేసేవారు. ఆ పిల్ల దాన్ని తీసుకుంటే పెళ్ళి, గోడలు దాటి బయటికి. తీసుకోకపోతే మళ్ళీ రాట్నమే.

ఒకడొచ్చి హెస్టర్ ముందు రుమాలు వేశాడు.

"ఏం దొంగిలించావయ్యా?" అని అడిగింది.

"నేనా! నేనేమీ ఎరగను. గిట్టనివాళ్ళు ఇరికించారు," అన్నాడు. హెస్టర్ వంగలేదు.

అప్పుడు ఇంకొకడొచ్చి రుమాలు వేశాడు. అతన్నీ అదే మాట అడిగింది. "గుర్రాలు! మందలకు మందలే తోలుకుపోయాను!" అని మీసం దువ్వాడు. హెస్టర్ వంగలేదు.

"ఇంత బెట్టయితే ముసలిదానివై ఇక్కడే పోతావు," అని కాపలా ఆవిడ కసిరింది. హెస్టర్ భయపడుతూనే రాట్నం దగ్గరికి నడిచింది.

అప్పుడు ఏమోస్ అనే పొడుగాటి మనిషి వచ్చి రుమాలు వేశాడు. హెస్టర్ మళ్ళీ అదే అడిగింది.

"జోళ్ళు," అన్నాడు సిగ్గుపడుతూ. "ఒక కొట్టు ముందు ఒకటి, ఇంకో కొట్టు ముందు ఒకటి ఎత్తాను. తీరా చూస్తే రెండూ ఎడమకాలివే. అవి తొడుక్కుని పరిగెత్తలేక దొరికిపోయాను."

హెస్టర్‌కి ఫక్కున నవ్వొచ్చింది! నవ్వుతూనే వంగి రుమాలు తీసుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ అడవంచున పొలం చేసుకున్నారు. మొదటి పంట వానకి పోయింది. రెండోది చిలకలు తినేశాయి. మూడోది నిలబడింది. ఒక పాప కూడా పుట్టింది.

ఏడేళ్ళూ తీరాయి. "రేవులో ఓడ ఉంది. మీ ఊరు వెళ్ళాలనుంటే చెప్పు, అందరం వెళదాం," అన్నాడు ఏమోస్.

హెస్టర్ పాపను చంకనెత్తుకుని చేలోకి చూసింది.

"కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఇప్పుడెక్కడికయ్యా వెళ్ళేది?" అంది.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.