గాలి తిరిగిన రోజు

విమలానందులవారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. "గెల కోసిన రోజే పండు తింటామా నాయనా? మగ్గనీ" అనేవారు. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల మధ్య ఉన్న ఆ ఆశ్రమంలో అలా మగ్గుతున్న ప్రశ్నలు చాలానే ఉండేవి. అవి మగ్గేదాకా ఆగలేక వెళ్ళిపోయిన శిష్యులూ ఉన్నారు.

నరహరి అనే శిష్యుడు ఏడేళ్ళు ఆగాడు. చదువుకున్నవాడు, చురుకైనవాడు, తాను చురుకైనవాడినని బాగా తెలిసినవాడు. ఒక సాయంత్రం సంచీ సర్దుకుని వచ్చి గురువుగారికి నమస్కరించాడు. "స్వామీ, ఎవరి కాళ్ళతో వాళ్ళే నడవాలని మీరే చెప్పారు. మరి నా ముందు మీరెందుకు? ఏడేళ్ళుగా మీ మాట, మీ బాట. ఇందులో నాదంటూ ఏముందో నాకే తెలియడం లేదు. సెలవిప్పిస్తే రేపటి రైలుకు వెళ్తాను."

గురువుగారు అలవాటు తప్పలేదు. "రేపు పొద్దున మన రోడ్డు మీదుగా సైకిల్ పందెం వెళ్తుందట. అది చూసి, అటునుంచి అటే స్టేషనుకు వెళ్దువుగాని. నేనూ వస్తాను" అన్నారు.

అది రోజుకో ఊరు దాటుకుంటూ వారం పాటు సాగే పందెం. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరిది తక్కువో వాడిదే గెలుపు. అప్పటికి ముందున్నవాడికి పసుపు చొక్కా ఇస్తారు. ఎవరైనా దాటేస్తే ఆ చొక్కా ఆ సాయంత్రమే చేతులు మారుతుంది. ఆ రోజు అది నిశాంత్ అనే కుర్రాడి ఒంటిమీద ఉంది. వెనకవాడికీ అతనికీ తేడా మాత్రం రెప్పపాటే. అతని జట్టులోనే సింహాచలం అని నలభైకి దగ్గరపడిన మనిషి ఉన్నాడు. ఆయనది విశాలమైన వీపు. గాలికి ఆ వీపు అడ్డుపెట్టి నిశాంత్‌ను తీసుకుపోవడమే ఆయన పని. ఒకడు గాలికి ఎదురొడ్డితే వాడి చాటున వచ్చేవాడికి ఎంతో శ్రమ తప్పుతుంది. ఈ సంగతి సైకిల్ తొక్కేవాళ్ళందరికీ తెలుసు. తెలియడం వేరు, గుర్తుండటం వేరు.

జట్టు మేనేజరు గురువుగారి భక్తుడు కావడం వల్ల ఆయనకీ నరహరికీ జట్టు వ్యానులో చోటు దొరికింది. బయలుదేరేముందు నిశాంత్ సింహాచలం ఎదుటే మేనేజరుతో నవ్వుతూ అన్నాడు. "ఇన్ని రోజులుగా అన్న వీపు తప్ప ఏమీ చూళ్ళేదు సార్. ఇవాళ రోడ్డు చూస్తాను." ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే అనిపించింది నరహరికి.

కుడిపక్క సముద్రం, ఎడమపక్క ఉప్పుమడులు, మధ్యలో రోడ్డు. పొద్దుటి తెల్లటి మసకలో నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అంతమంది కలిసి వెళ్తున్నా చప్పుడు లేదు; చక్రాల నుంచి సన్నటి ఝుంకారం మాత్రం వస్తోంది. వ్యాను కూడా నేల మీద నడుస్తున్నట్టు లేదు. ఇదంతా ఎప్పుడో కలలో చూశానే అనుకున్నాడు నరహరి. ఆ మసకలోంచి పసుపు చొక్కా ఒక్కటే విడిపోయి ముందుకు వెళ్ళింది. ఎంత తేలిగ్గా వెళ్ళిందంటే, నరహరి తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

సరుగుడు తోట దాటాక సముద్రపు గాలి అడ్డంగా వచ్చి కొట్టింది. ఇసుక లేచింది. నిశాంత్ తల హ్యాండిల్ మీదికి వాలిపోయింది, సైకిల్ రోడ్డు అంచుకి జరిగిపోతోంది. వెనక గుంపు దగ్గరవుతోంది. చొక్కా పోయినట్టేనని మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. అప్పుడు గుంపులోంచి సింహాచలం ఒక్కడే బయటికొచ్చాడు. ఆ గాలికి ఒంటరిగా ఎదురీది, నిశాంత్‌ను చేరి, సముద్రం వైపున అరచక్రం ముందుకు నిలిచాడు. ఏమీ అనలేదు. కళ్ళనిండా ఇసుకతో కిందికే చూస్తున్న నిశాంత్ తలెత్తనూ లేదు. కాసేపటికి అతని సైకిల్ మళ్ళీ తిన్నగా నడిచింది. చివరి మలుపు దాకా ఇద్దరూ అలాగే వెళ్ళారు. మలుపులో సింహాచలం పక్కకి తప్పుకున్నాడు, ఆ తర్వాత ఆయన్నెవరూ పట్టించుకోలేదు.

చొక్కా నిలిచింది. పందెం ముగిశాక డేరాలో నిశాంత్ చుట్టూ జనం. "మధ్యలో చచ్చాననుకున్నాను సార్. అదృష్టం, గాలి తిరిగింది" అంటున్నాడు. సింహాచలం మూలన బల్ల మీద కూర్చుని మోకాలికి ఐసు పెట్టించుకుంటున్నాడు. గాలికి ఎదురు తొక్కీ తొక్కీ మోకాలు కుండలా వాచింది. రేపటినుంచి తొక్కే పని లేదని డాక్టరు అప్పుడే తేల్చేశాడు. నిశాంత్ అటు తిరిగి అడిగాడు. "తిరిగింది కదన్నా గాలి?"

"అవును తమ్ముడూ, తిరిగింది" అన్నాడు సింహాచలం.

నరహరికి కోపం ముంచుకొచ్చింది. అది ఎవరి మీదో అతనికే తెలియలేదు. జనం కదిలాక బల్ల దగ్గరికి వెళ్ళి, "నిజం ఎందుకు చెప్పలేదండీ?" అని నిలదీశాడు.

"రేపు కొండెక్కాల బాబూ ఆడు, ఒక్కడే" అన్నాడు సింహాచలం. "ఈ మాట కూడా మోసుకుని ఎక్కమంటే ఎలాగ?"

గురుశిష్యులిద్దరూ స్టేషనుకు నడక సాగించారు. ఒడ్డు వెంట దారి. గాలి తగ్గలేదు సరికదా, పొద్దెక్కేకొద్దీ పెరిగింది. నరహరి కండువా తలమీదికి లాక్కుని, సంచీ గుండెకి అదుముకుని, కళ్ళు సగం మూసుకుని తన పాదాలనే చూసుకుంటూ నడిచాడు. ఇసుక చెంపలకి సూదుల్లా గుచ్చుకుంటోంది. నిశాంత్ గురించి, ఆ మోకాలి గురించి ఆలోచిస్తూ ఎంత దూరం వచ్చాడో గమనించలేదు. ఎప్పుడో ఇసుక గుచ్చుకోవడం మానేసింది. ఊపిరి తేలికైంది. దూరంగా రైలు కూత వినిపించింది.

"గాలి తిరిగినట్టుంది స్వామీ" అన్నాడు.

అన్నాక తలెత్తాడు. డెబ్బై ఏళ్ళ గురువుగారు సముద్రం వైపున, అరడుగు ముందు నడుస్తున్నారు. పంచె గాలికి టపటపలాడుతోంది. గడ్డంనిండా, కనుబొమల నిండా ఇసుక. నరహరి కాళ్ళు ఆగిపోయాయి.

గురువుగారు వెనక్కి తిరగకుండానే అన్నారు. "అవును నాయనా, తిరిగింది."