ఎర్ర ఇంజనా, నీలి ఇంజనా?

గువ్వలపాళెం రాజావారికి రాజ్యం పోయి చాలా కాలమైంది గానీ, దర్బారు మాత్రం పోలేదు. రోజూ పొద్దున తొమ్మిదింటికి పాత హాల్లో కొలువు తీరాల్సిందే. మిగిలిన ఆస్తల్లా అరవై ఎకరాల నిమ్మతోట. కోటలో అందరి బతుకూ దాని మీదే.

ఆ ఏడు అద్దెకు తెచ్చిన పెద్ద ట్రాక్టరు చెట్ల వరసల మధ్య దూరి, కాపు మీదున్న కొమ్మల్ని ఎడాపెడా విరిచేసింది. రాజావారికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పట్నం నుంచి రెండు చిన్న ట్రాక్టర్లు తెప్పించి కోట ముంగిట నిలబెట్టారు. ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. ధర ఒకటే, బలం ఒకటే. తేడా అంతా డీజిల్ ఇంజన్లలోనే. ఇది ఒక కంపెనీది, అది ఇంకో కంపెనీది.

“మనం కొనగలిగింది ఒక్కటే” అన్నారు రాజావారు. “అది పదేళ్ళు మొరాయించకుండా పనిచేయాలి. మధ్యలో మూలపడిందా, ఇంకోటి కొనే తాహతు నాకు లేదు. ఏది తీసుకుందాం?”

పరాంకుశం గారు చటుక్కున లేచారు. మద్రాసులో ఆరు నెలలు యంత్రాల చదువు చదివొచ్చి, తన పేరు ముందు ‘యంత్ర విశారద’ అని తానే తగిలించుకున్న పెద్దమనిషి ఆయన. చేతిలో ఎర్ర కంపెనీ వాళ్ళ రంగుల పుస్తకం ఉంది.

“ఎర్రదే ప్రభూ! ఇందులో అంతా రాసుంది. చుక్క డీజిల్ వృథా పోదట. పొగ రాదట. అన్నిటికీ మించి, దీని స్పేరుపార్టులు దొరకని ఊరు లేదు. కబురు పెడితే చాలు, మెకానిక్కు గంటలో వచ్చి వాలతాడు!”

వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది. బగ్గీ తోలే దస్తగిరి. గుర్రం చచ్చిపోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి రోజూ ఖాళీ బగ్గీ తుడిచి, ఊరికే జీతం తీసుకుంటున్నానే అని లోలోపల కుమిలిపోతున్నాడు.

“ఏం దస్తగిరీ, ఏమిటా దగ్గు?”

“చిన్న సందేహం ప్రభూ. ఆ పుస్తకం అచ్చు వేయించింది ఎవరు?”

“ఎర్ర కంపెనీ వాళ్ళే! ఇంకెవరు?” అన్నారు పరాంకుశం గారు.

“అయితే పెళ్ళికొడుకు ఎలాంటివాడని పెళ్ళికొడుకునే అడిగినట్టుంది అయ్యగారూ.”

కొలువంతా గొల్లుమంది. పరాంకుశం గారి ముఖం కందగడ్డ అయింది.

“గుర్రానికి గడ్డి వేసేవాడికి ఇంజను సంగతేం తెలుసు ప్రభూ?”

రాజావారికి ఇలాంటి తగాదాలంటే మహా సరదా. మీసం దువ్వుకున్నారు.

“దస్తగిరీ! రేపు ఇదే వేళకు ఏ ఇంజను నమ్మకమైనదో నువ్వు తేల్చాలి. ఇంజను విప్పకూడదు. స్టార్టు కూడా చేయకూడదు. తేల్చావా, ఆ బండి తోలేది నువ్వే. తేల్చలేదా, రేపట్నుంచి పరాంకుశం గారికి గొడుగు పట్టుకుని వెంట నడవాలి.”

దస్తగిరి ట్రాక్టర్ల వంక కన్నెత్తి కూడా చూడకుండా, పట్నం బస్సెక్కేశాడు.

మర్నాడు పరాంకుశం గారు కొత్త గొడుగుతో సహా దర్బారుకు వచ్చేశారు. తొమ్మిది కొడుతుండగా దస్తగిరి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు.

మొదటాయన బొద్దుగా ఉన్నాడు. పట్టుచొక్కా, నాలుగు ఉంగరాలు, మెడలో గొలుసు.

“ఈయన మస్తానయ్య గారు, ప్రభూ. ఎర్ర ట్రాక్టర్ల మెకానిక్కు.”

మస్తానయ్య వంగి నమస్కరించాడు. “ఎర్రబండి చలవ ప్రభూ! మిద్దె మీద మిద్దె వేశాను. పదిమంది పనోళ్ళున్నా చేతికి తీరిక లేదు. ఇవాళ కూడా షెడ్డులో ఏడు బండ్లు విప్పి పెట్టొచ్చాను.”

“చూశారా ప్రభూ, ఎంత గిరాకీయో!” అని పొంగిపోయారు పరాంకుశం గారు.

రెండో ఆయన బక్కగా ఉన్నాడు. చేతులకు చుక్క నూనెమరక లేదు. మెడలో మాత్రం టేపు వేలాడుతోంది.

“ఈయన పెంచలయ్య గారు. నీలి ట్రాక్టర్ల మెకానిక్కు.”

“మెకానిక్కు మెడలో టైలరు టేపు ఏమిటయ్యా?” రాజావారు ముందుకు వంగారు.

పెంచలయ్య సిగ్గుపడ్డాడు. “షెడ్డులో పని లేదు ప్రభూ. జాకెట్లు కుడుతున్నాను.”

“పని ఎక్కణ్ణించి వస్తుంది? నీలి బండి ఎవరూ కొనరు కాబట్టి!” అని అరిచారు పరాంకుశం గారు.

“ఎందుకు కొనరు అయ్యగారూ? మా తాలూకాలో ఎర్రవీ నలభయ్యే, నీలివీ నలభయ్యే. కావాలంటే మస్తానయ్యన్ననే అడగండి, ఇద్దరం ఒకే వీధిలో ఒకే ఏడు షెడ్లు తెరిచాం. ఏడేళ్ళయింది. నా బండ్లు ఆరు నెలలకోసారి ఆయిలు మార్పించుకోను వస్తాయి, పోతాయి. ఏదైనా జబ్బుందేమోనని ఎంత ఆశగా చూసినా కనపడదు. నా కర్మ!”

“పాపం, నిజమే” అన్నాడు మస్తానయ్య జాలిగా.

దస్తగిరి చేతులు కట్టుకున్నాడు.

“ప్రభూ, ఎర్ర ఇంజను డాక్టరు మేడ కట్టాడు. నీలి ఇంజను డాక్టరు జాకెట్లు కుడుతున్నాడు. ఇంకా ఇంజను విప్పి చూడాలంటారా?”

రాజావారు నవ్విన నవ్వుకు తలపాగా జారి ఒళ్ళో పడింది. కొలువులో పొట్టలు పట్టుకోనివాడు లేడు. విషయం బోధపడక మస్తానయ్య కూడా పకపకా నవ్వాడు. పరాంకుశం గారు మాత్రం రంగుల పుస్తకంలో ఏదో పేజీ కోసం గబగబా వెతుక్కున్నారు.

రాజావారు కళ్ళు తుడుచుకుని, నీలి ట్రాక్టరు తాళంచెవి దస్తగిరి చేతిలో పెట్టారు.

“జీతం రెట్టింపు. పోయి తోట దున్ను. ఏమయ్యా పెంచలయ్యా, వీడికి రెండు జతల ఖాకీ బట్టలు కుట్టిపెట్టు. మా బండి వల్ల నీకు దొరికే పని ఇదొక్కటే!”