పద్నాలుగో నంబరు

కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో చంద్రావతి అనే సూపర్‌వైజరు ఉండేది. తన కింద పనిచేసేవాళ్లతో మనసు విప్పి మాట్లాడితే చులకనైపోతానని ఆమెకు భయం. అందుకే రొయ్యలు వలిచే ఆ ఇరవై నలుగురు ఆడవాళ్లనూ ఏప్రన్ మీది నంబర్లతోనే పిలిచేది. మూడేళ్లయినా ఒక్కరి పేరూ నేర్చుకోలేదు.

ఇంట్లో ఆమె భర్త పక్షవాతంతో మంచాన పడి ఏడాదైంది. తెల్లవారుజామునే లేచి అతనికి స్నానం చేయించి, తినిపించి, బస్సెక్కి వచ్చేసరికే ఒళ్లు హూనమైపోయేది. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. గేటు దాటగానే మొహం బిగించేసుకునేది. సాయంత్రానికి దవడలు కూడా నొప్పెట్టేవి.

ఒకరోజు పొద్దున నూకరత్నం అనే ఆమె మెల్లగా అడిగింది.

"ఒంట్లో బాగోలేదా మేడమ్? మొహం అలా వాడిపోయిందేంటి?"

చంద్రావతికి ఒక్క క్షణం అంతా చెప్పేయాలనిపించింది. ఆ వెంటనే తమాయించుకుని గట్టిగా అరిచింది.

"పద్నాలుగూ! నా సంగతి నీకెందుకు? చెయ్యి కదలనీ."

నూకరత్నం తల వంచుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐసు గదిని చల్లబరిచే అమ్మోనియా వాయువు గొట్టం పగిలింది. సైరన్ మోగింది. కళ్లు మండిపోతుంటే అందరూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. చంద్రావతి ఏప్రన్ నంబర్లు చూసి లెక్కపెట్టింది. ఇరవై ముగ్గురే ఉన్నారు.

"పద్నాలుగు ఏది? ఎక్కడుంది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నోళ్లు పడిపోయాయా? చెప్పరేం?" అని కసిరింది. వాళ్లు ఇంకా ముడుచుకుపోయారు.

వాళ్లకు తెలుసని చంద్రావతికి అర్థమైంది. తనకు చెప్పడానికే భయపడుతున్నారు. మూడేళ్లుగా బిగించుకున్న మొహం ఒక్కసారిగా సడలిపోయింది. చేతులు జోడించింది.

"అమ్మా, నాకేం తోచట్లేదు. నాకూ భయంగా ఉంది. ఎవరినీ ఏమీ అనను. దేవుడి మీద ఒట్టు. ఎక్కడుందో చెప్పండమ్మా."

అప్పుడు పైడమ్మ అనే పెద్దామె ముందుకొచ్చింది.

"ఐసు గది వెనకాల మేడమ్. నడుం నొప్పికి రోజూ అక్కడ కాసేపు ఒరుగుతుంది. దానికి చెవులు సరిగా వినపడవు. సైరన్ వినుండదు. మీకు తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాచాం."

చంద్రావతి తడిగుడ్డ మొహానికి చుట్టుకుని వెనక తలుపు వైపు పరుగెత్తింది. పైడమ్మ కూడా వెంట వెళ్లింది. ఇద్దరూ కలిసి నూకరత్నాన్ని బయటికి ఈడ్చుకొచ్చారు. ఊపిరి ఉంది, స్పృహ లేదు.

ప్రాణం దక్కింది. కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. "ఇంకొంచెం ముందు తెచ్చుంటే ఇంత అయ్యేది కాదు" అన్నాడు డాక్టరు. ఆ కొంచెం ఎక్కడ పోయిందో చంద్రావతికి తెలుసు.

నాలుగో రోజు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, నూకరత్నానికి వినపడేలా చెవి దగ్గరికి వంగి, భర్త సంగతంతా చెప్పింది. చెబుతూనే ఏడ్చేసింది.

నూకరత్నం ఆయాసపడుతూనే అంది. "ముందే చెప్పుంటే, ఆదివారాలు నేనో పైడమ్మో వచ్చి సాయం చేసేవాళ్లం కదా! ఒక్కరే ఎంతకని మోస్తారు?"

తర్వాత చంద్రావతి మేనేజరుతో పోట్లాడి, నూకరత్నాన్ని రసాయనాల వాసన లేని ప్యాకింగు గదికి, కూర్చుని చేసే పనికి మార్పించింది. ఆమె దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. చంద్రావతి అలసటా తీరలేదు. కాకపోతే అలసిపోయిన రోజున "ఇవాళ నాకు ఓపిక లేదమ్మా, కాస్త మీరే చూసుకోండి" అనడం నేర్చుకుంది. ఆ రోజుల్లో పని ఎప్పుడూ ఆగలేదు.

నీతి: తన కష్టం దాచుకుని, ఎదుటివాళ్ల కష్టం తెలుసుకోని పెద్దకు ఆపద వేళ నిజం చెప్పేవాళ్లు ఉండరు, పదిమందిని నడిపించాలంటే ముందు వాళ్లకు సాటి మనిషిగా కనబడాలి.