పెంటికల తోట

ఎడారి మధ్య నీటిబుగ్గ చుట్టూ రాజుగారి ఖర్జూరపు తోట ఉండేది. రాజుగారు చూడటానికి వస్తున్నారని తోట అధికారి దండపాణి గొర్రెలు కాసే బీరమ్మను పిలిపించాడు.

“నీ మంద తోటంతా కంపు చేసింది. రేపటికల్లా మందనీ, అది వేసిన పెంటికలనీ ఒక్కటి మిగలకుండా ఎత్తుకుపో. మిగిలిందో, కొరడా దెబ్బలే.”

“చిత్తం దొరా,” అంది బీరమ్మ.

మర్నాడు ఆమె బంధువులంతా చెట్ల మొదళ్లలో నల్లమట్టి తవ్వి గంపలకెత్తుతున్నారు. వేళ్లు బయటపడి ఒక చెట్టు దండపాణి మీదికే ఒరిగింది.

“తోటను తవ్వేస్తున్నావేమే?”

“తోటను కాదు దొరా. ఏడు తరాలుగా మా మంద ఇక్కడ పడుకుని వేసిన పెంటికలే ఈ మట్టి. ఇది మాది. అడుగున ఇసుక కనిపిస్తోందే, అది మీది.”

దండపాణి గంపల్లోని మట్టిని తిరిగి చెట్ల మొదళ్లలో పోయించి, మందను వెనక్కి తోలించాడు. రాజుగారు వచ్చి, ఇసుకలో ఇంత తోట ఎలా పెరిగిందని అడిగారు. దండపాణి మంద మధ్య నిలబడి, “మందను ఇక్కడే పడుకోబెట్టమన్నది నేనే ప్రభూ,” అన్నాడు.