దార్వాయణుడి మణికట్టులో యుద్ధం

పూర్వం గోదావరీతీరాన దార్వాయణుడనే మహర్షి ఉండేవాడు. వివాహం నాడు వెలిగించిన అగ్నిని జీవితాంతం నిలపడం ఆయన వ్రతం. ఎప్పుడైనా ఆరితే, సూర్యోదయంలోగా తన చేతులతోనే తాడు లాగి అరణి కొయ్యను మథించి నిప్పు పుట్టించాలి. లేకుంటే వ్రతం పోతుంది.

ఒక వానకాలపు వేకువన అగ్ని ఆరింది. భార్య సుమేధ అరణిని అదిమి పట్టుకోగా, మహర్షి తాడు అందుకుని, వేళ్లు ముడుచుకోక, తాడు జారవిడిచి కూలబడ్డాడు. కణుపులు వాచాయి. తాకితే కాలుతున్నాయి.

"నాలో ఏ రాక్షసుడు దూరాడో!" అంటూ ఆయన దేవవైద్యులైన అశ్వినీదేవతలను తలచాడు. కవలలు నాసత్యుడు, దస్రుడు వచ్చి, దంపతులకు దివ్యదృష్టి ఇచ్చి, "మణికట్టులోకి చూడండి" అన్నారు.

లోపల సైన్యం ఉంది. చారుడు తెచ్చిన గుడ్డపీలికను చూసి సేనాని శంఖం ఊదగా, విలుకాండ్రు బాణాలు వదలుతుండగా, కాలిబంట్లు కీలుపొరకు నిప్పుపెట్టి ఎముకను కొరుకుతున్నారు. శంఖం విని కొత్త దళాలు నెత్తుటి బాటలో వస్తూనే ఉన్నాయి. శత్రువు ఒక్కడూ లేడు.

"ఎవరిదీ సైన్యం?"

"నీదే, మహర్షీ. నీ పుట్టుకనాడు కాపలా పెట్టింది మేమే. నిరుటి జ్వరంలో నిన్ను కాచింది వీళ్లే."

సుమేధ ఊరుకోలేదు. "బాగుంది కాపలా! దొంగ దొరక్కపోతే యజమాని ఇంటికే నిప్పు పెడతారా?"

"వాళ్లు ద్రోహులు కారు తల్లీ" అన్నాడు నాసత్యుడు. "గుడ్డ రంగును బట్టి పరాయివాణ్ణి పోల్చుకొమ్మని మా ఆజ్ఞ. నీ భర్త ఏళ్ల తరబడి నిప్పు ఊదుతూ మింగిన పొగకు ఈ ఒంట్లోని సొంతవాళ్ల గుడ్డే రంగు మారింది. దాని పీలిక చూసి చారుడు పరాయివాడిదని పొరబడ్డాడు."

"అందరినీ భస్మం చేయండి!" అని మహర్షి అరిచాడు.

"చేస్తాం. రేపు జ్వరమొస్తే ఎవరు అడ్డుపడతారు? నువ్వా?" అన్నాడు దస్రుడు.

తూర్పు తెల్లబడుతోంది. సుమేధ చేతులు జోడించింది. "ఆ శంఖం ఆపించండి స్వామీ, చాలు."

"తథాస్తు" అని దస్రుడు శంఖాన్ని అరచేత మూశాడు. బాణాలు ఆగాయి. మంట దిగింది. "ఈ మూలిక రోజూ తీసుకో. మానితే శంఖం మళ్లీ మోగుతుంది. పోయిన ఎముక మాత్రం తిరిగి రాదు" అని చెప్పి దేవతలు అంతర్ధానమయ్యారు.

వంకరపోయిన వేళ్లకు సుమేధ తాడు చుట్టి ముడివేసింది. మహర్షి లాగాడు. సూర్యుడి అంచు కనబడేలోగా అరణిలో నిప్పు రాజుకుంది. ఆయన అలవాటుగా ఊదడానికి వంగాడు.

"మీరు జరగండి" అని సుమేధ విసనకర్ర అందుకుంది.